కళ్లు మూసుకున్న జడ్జి

పలక పట్టాల్సిన వయసులో నేను దోహాలో అమ్మ వెంట ఇళ్లల్లో పనికి తిరిగాను. అక్షరాలు అరవై దాటాకే వచ్చాయి, అందుకే ఇది ఇప్పుడు రాస్తున్నాను. నిన్న అత్తరు కొట్టులో ఊదు పొగ వాసన తగలగానే ఆ జడ్జి గుర్తొచ్చాడు.

జ్వరంతో నాన్న బిల్డింగు సైటులో డ్యూటీకి పోలేకపోతే, పని ఎగ్గొట్టాడని చెప్పి కంపెనీ ఆయన్ను ఇండియాకు పంపేయబోయింది. నాన్న కోర్టుకెక్కాడు. మేనేజరు మాట్లాడినంతసేపూ నేను అతని సూటునే చూశాను. నాన్న వంతు వచ్చేసరికి జడ్జి కళ్లు మూసుకుని ఉన్నాడు. నేను పోయి, ఊదు వాసన వేసే ఆయన చేతిని లాగాను.

“తాతా, లెవ్వు. మా నాయిన చెప్పేది ఇను.”

తర్జుమా చేసే హైదరాబాద్ సలీం చాచా తడబడుతూనే నా మాట అరబ్బీలో చెప్పాడు. జడ్జి కళ్లు తెరవకుండానే నవ్వి, అరబ్బీలో ఏదో అన్నాడు.

“నిద్ర గాదు బేటీ,” అన్నాడు చాచా. “జడ్జి అయినప్పటి సంది గిదే అలవాటంట. బట్టలు జూస్తే మాటలు సరిగ ఇనబడవంట. మీ నాయిన్ను చెప్పమను.”

నాన్న చెప్పాడు. గెలిచాడు. ఆయన చొక్కా మీది సిమెంటు మరకలను జడ్జి కావాలనే చూడలేదని పెద్దయ్యాక అర్థమైంది.

మరునాడు పొద్దున నాన్న అన్నం డబ్బా నేనే పట్టుకుని, మేనేజరు చూస్తుండగా నాన్నకంటే ముందు సైటు గేటు దాటాను.