పూర్తి పేరు పరశురాం

మా పరశురాంకు ఒకటే పిచ్చి. ఎవర్నయినా పూర్తి పేరుతో తప్ప పిలవడు. చాయ్ తెచ్చే ఆయన్ని "మంగళపర్తి పెద్ద భూమయ్య గారూ, జర చాయ్!" అని పిలిచి ముగించేసరికి ఆయన మెట్లు దిగి చౌరస్తా దాటేసేవాడు.

మెదక్‌లో మాది చిన్న కిడ్నీ దవాఖాన. నేను రిసెప్షన్‌లో, అతను కంప్యూటర్ల దగ్గర. నా ప్రాణం తీయడానికే అతన్ని పెట్టుకున్నారని నా గట్టి నమ్మకం.

పాపన్నపేట నుంచి ఒకామె వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వస్తుంది. పేరు కొత్తకాపు బాలలక్ష్మీ నర్సమ్మ. కొత్త డేటాబేస్ పెట్టిన నాటి నుంచి ఆ పేరు కొడితే "రికార్డు లేదు" అనడమే! మళ్లీ ఫారం, మళ్లీ సంతకం. ఈలోగా ఆమె బెడ్ ఇంకొకరికి పోయేది. వాచిన కాళ్లతో గంటలు గంటలు బెంచీ మీద ఒరిగి ఉండేది.

"ఇగ నేను రాను బిడ్డా, నాతోని గాదు" అంది ఒకరోజు. రాకపోతే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. నాకు ఏడుపొచ్చింది.

పరశురాం మీద పడ్డాను.

"తెలుగుల ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతానికి కంప్యూటర్ లోపల మూడేసి ముక్కలుంటయి. గీమె పేరుకు ఎనభై అయితయి. గీ సాఫ్ట్‌వేర్ అరవై నాలుగు ముక్కలు లెక్కవెట్టి, అక్షరం నడుమల్నే నరుకుతది. సగం తెగిన పేరు యాడ దొరుకుతది?" అన్నాడు.

"అయితే నర్సమ్మ తీసెయ్ తమ్మీ! బాలలక్ష్మి చాలదా?"

"పేరు కోసుడు నాతోని గాదు, గుండారం స్నేహలత గారూ."

నెత్తి బాదుకున్నాను.

సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీకి రాశాడు. మా దగ్గర బాగానే ఉంది అన్నారు. నాలుగు ఇంగ్లిషు అక్షరాలు కొట్టి చూశారట మహానుభావులు! రెండు నెలలు, ఇరవై ఒక్క మెయిళ్లు. నేను ఆశే వదిలేశాను. పైగా ఆమె వచ్చే రోజుల్లో పొద్దున్నే ఇతను సీట్లో ఉండడు. ఎక్కడ చచ్చాడని వార్డులోకి వెళ్లి చూద్దును కదా, బస్సులో సీటు ఆపినట్టు నాలుగో బెడ్ మీద దస్తీ వేసి, కాగితాల ఫైలుతో కాపలా కూర్చున్నాడు!

బాలలక్ష్మి నన్ను పక్కకు పిలిచింది. "ఆయన్ని తిట్టకు బిడ్డా. నర్సమ్మ మా అవ్వ పేరు. నన్ను కన్ననాడే పోయింది. ఆమెది నా తాన ఉన్నది గా పేరొక్కటే. మొదటిరోజే ఆయనకు చెప్పిన. కంపెనీకి గూడ నా పేరే పూర్తిగ పంపుమన్న."

వెళ్లి నాలుగో బెడ్ మీది దస్తీ సరిచేసి వచ్చాను.

మొన్న సోమవారం సరిచేసిన సాఫ్ట్‌వేర్ వచ్చింది. పేరు కొట్టాను. నర్సమ్మతో సహా వచ్చేసింది.

"మీరు పంపుమన్న పేరే, కొత్తకాపు బాలలక్ష్మీ నర్సమ్మ గారూ. ఇగ ఆళ్లు కొత్తది ఎప్పుడు చేసినా ముందుగాల మీ పేరు పెట్టే చూస్తరట" అన్నాడు పరశురాం.

"అవ్వ పేరు గూడనా?"

"పూర్తిగ."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు పట్టరాని సంతోషమైంది. "మంగళపర్తి పెద్ద భూమయ్య గారూ, జర మూడు చాయ్! అందులో ఒకటి సగమే, డయాలసిస్ ఆమెకు ఎక్కువ తాగనియ్యరు!" అని కేకేశాను.

ఆయన అప్పటికే చౌరస్తా దాటేశాడు.