చెల్లెలు చెరిగిన నీళ్లు

మా చెల్లెల్ని ఇంట్లో అందరం మబ్బు అంటాం. పిలిస్తే పలకదని కాదు, అది పలికేసరికి పిలిచినవాళ్లకు పనేమిటో గుర్తుండదు. నాకేమో ముక్కు మీద కోపం. మేమిద్దరం ఒక తల్లి బిడ్డలమంటే మా ఆయనే నమ్మడు.

ఉద్యోగమూ దానికి తగ్గట్టే దొరికింది. ప్రయోగశాలలో కిటికీ పక్కన సన్నటి గాజు గొట్టం. అందులో టీ రంగు నీళ్లు, నీళ్లలో కంటికి ఆనని ఇనుప నలుసులు. గొట్టం పక్కనే ఒక అయస్కాంతం. పెద్ద నలుసుల్ని అది గోడకు లాగి పట్టుకుంటుంది, చిన్నవాటిని నీళ్లు మోసుకుపోతాయి. చేటలో గింజలు చెరగడం లాంటిదే. ఒకసారి చూడబోయి మధ్యాహ్నమంతా అక్కడే కూర్చుండిపోయాను. ఎండ గొట్టంలోంచి బల్ల మీదికి జారుతోంది, రంగు మెల్లగా ఒక పక్కకు ఒరుగుతోంది. నిద్రో మెలకువో నాకే తెలియలేదు.

ఇప్పుడు ఆ చిన్న నలుసులే నాకు కావలసి వచ్చాయి. నా రొమ్ములో గడ్డ ఉంది. ఆపరేషన్‌కు ముందు ఆ నీళ్లు గడ్డ దగ్గర ఎక్కిస్తే, జబ్బు పాకితే చంకలో మొదట ఏ గ్రంథికి చేరుతుందో డాక్టరుకు తెలుస్తుంది. చంకంతా కోయనక్కర్లేదు. పెద్దవి కలిస్తే మాత్రం దారిలోనే ఆగిపోతాయి.

ఒక సాయంత్రం చెల్లెలు వచ్చి, "అక్కా, ఈ విడత నీళ్లు పారబోశాను" అంది.

"ఏమైందే?"

"నీకు తొందరగా అందాలని నీళ్ల వేగం పెంచాను. పెద్దవీ కొట్టుకొచ్చేశాయి. నలుసుల సైజు కొలిచి చూస్తే గీతలో రెండు గుట్టలొచ్చాయి, చిన్నవాటికొకటి, పెద్దవాటికొకటి."

బుద్ధెరిగాక అది తొందరపడింది ఆ ఒక్కసారే. నేను ఒంటికాలి మీద లేచాను. "నా ప్రాణం మీదికొచ్చినప్పుడే దొరికిందా నీకు హడావిడి? ఆపరేషన్ వాయిదా పడితే ఎవరే పడేది?" అది తల వంచుకుని విని, అన్నం తినకుండానే వెళ్లిపోయింది.

ఆ తర్వాతి రోజులు నేను గాల్లో తేలుతున్నట్టు తిరిగాను. మడతపెట్టిన బట్టలే మళ్లీ మడతపెట్టాను. కళ్లు మూస్తే టీ రంగు నీళ్లు పారేవి. ఎవరితోనూ అనలేదు గానీ, హాయిగా ఉండేది.

చివరికి ఫోను వచ్చింది. "ఈసారి ఒకటే గుట్ట అక్కా, సన్నగా, నిటారుగా. డాక్టరు రేపే రమ్మన్నాడు." దాని గొంతు నిండా సంతోషం.

వాయిదా పడిందని దాని మీద అరిచిన నేనే, ఈ విడతా పాడైతే బాగుండునని ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలిసింది.

"అక్కా, వింటున్నావా?"

"భయంగా ఉందే," అన్నాను. "ఇవాళ వచ్చి నా పక్కన పడుకో."