నా బ్లాగు నెత్తిన లలిత

రామచంద్రపురం నెట్ సెంటర్లో అక్షరాలు అరిగిపోయిన కీబోర్డులూ, తడి గొడుగుల వాసనా గుర్తున్నాయా మన బ్యాచ్ వాళ్లకి? పొద్దున్న మా అమ్మాయి అడిగిందని నా పాత బ్లాగు ఫోన్లో తెరిస్తే అదంతా గుప్పుమంది.

టెన్త్‌లో నేనూ, నా పక్కన కూర్చునే లలితా ఒకే రోజు బ్లాగులు మొదలెట్టాం. నాది ఆస్పత్రి గోడలా ఉండేది. లలిత మాత్రం పేజీకి రంగులూ హంగులూ అద్దే స్టైల్‌షీట్ కోడ్ నేర్చేసుకుని, వెనక వరిచేల పచ్చ, దాని మీద తెల్లటి పొర, అన్నిటికన్నా పైన గోదావరి ఫోటో పేర్చింది. క్లాసంతా దాన్నే పొగుడుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

"ఏంటే ఆ మొహం? నా కోడ్ మొత్తం ఇస్తాను, నీ బ్లాగులో పేస్ట్ చేసుకో" అంది. ఆ మంచితనానికి ఇంకా మండింది. అయినా చేసుకున్నాను. ఆ కోడ్ ఫోటోని లలిత బ్లాగు నుంచే తెచ్చి చూపిస్తుందనీ, లలిత తన దగ్గర మారిస్తే నా బ్లాగులోనూ మారిపోతుందని అప్పుడు తెలీదు.

ఇవాళ చూస్తే పైన గోదావరి లేదు. పట్టుచీరలో లలిత నవ్వుతోంది. వయసు మీద పడితేనా!

"ఎవరమ్మా ఈవిడ? ఎంత బాగున్నారో!" అంది మా అమ్మాయి.

ఫోన్ లాక్కున్నాను.