రాగి చెంబులో చిన్నాయన

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా చిన్నాయన మద్రాసు రేవులో పనికి పోయి, అక్కడే సముద్రంలో మునిగిపోయాడు. శవం దొరకలేదు. వెతకబోయిన మా నాయన ఒక సీసాలో సముద్రపు నీళ్ళు పట్టుకొని హిందూపురం తిరిగొచ్చాడు. కాశీ నుంచి తెచ్చిన గంగకు చేసినట్టే అవ్వ ఆ నీళ్ళను రాగి చెంబులో పోసి, రెండు తులసాకులు వేసి, మూతకు లక్క పెట్టించి దేవుని గూట్లో ఉంచింది. సంవత్సరీకం నాడు విప్పి తీర్థంగా తాగాలని ఆమె మొక్కు.

ఆ ఏడాదంతా ఇంట్లో ఎవరూ గూటికి వీపు పెట్టి కూర్చోలేదు. మధ్యాహ్నాలు చెంబులో అల విరిగిన చప్పుడయ్యేదంటే మీరు నమ్మరు. పెనుకొండ కోటలో తల లేని గుర్రాన్ని చూశానని సగం ఊరిని నమ్మించినవాణ్ణి మరి.

సంవత్సరీకం దగ్గర పడుతుండగా లక్క పగిలి, చెంబు అంచున పచ్చగా చెమ్మ దిగింది. ధర్మవరం బడిలో సైన్సు చెప్పే మా బావ అది చూసి అదిరిపడ్డాడు. ఉప్పునీళ్ళు రాగిని తినేశాయనీ, తాగితే విషమనీ చెప్పాడు.

అవ్వ నవ్వింది. "నా కొడుకు నీళ్ళు నన్ను సంపుతాయా?"

నేను నా విద్య బయటికి తీశాను. "అవ్వా, చిన్నాయన నా కల్లోకొచ్చి తాగొద్దని జెప్పమన్నాడు."

"నీకాడికేల వస్తాడురా, అబద్దాలోడా? దినామూ నాకాడికే వస్తాండాడు. ఆ మాట నాకే చెప్పుండడా?"

బావ ఆమె పక్కన చతికిలబడ్డాడు. "సముద్రంలోనూ రవ్వంత రాగి ఉండాదవ్వా. ఆడ కుళ్ళిన నాచు, సచ్చిన జీవాల సారం నీళ్ళలో కలిసి ఆ రాగి విషం పారకుండా పట్టుకోనుంటాది. అందుకే చేపలు బతుకుతాండాయి. ఈడ రాగి మెండు. రెండు తులసాకులు ఎంతని పట్టుకుంటాయి?"

అవ్వ గూట్లోని చెంబు వైపు చూసింది.

"సచ్చినోళ్ళు పట్టుకోనుంటారా?"

"సచ్చినవాటి సారమవ్వా..."

"వాడూనా?"

బావ నా వైపు చూశాడు. "వాడూనే."

"అయితే వాన్ని ఈడ ఒంటిగా కట్టేసినాను. తీస్కపోయి ఆడ కలపండప్పా."

మరునాడే నాయన చెంబుతో రైలెక్కాడు.

సంవత్సరీకం నాడు అవ్వ మా బావి నీళ్ళనే తీర్థంగా తీసుకుంది. గుక్క మింగి కళ్ళు మూసుకుంది.

"ఉప్పగా ఉండాయి."

నా అరచేతిలోనూ పోసింది. తాగాను. ఉప్పగానే ఉన్నాయి.