ఊరికే కూర్చుని వచ్చిన జడ్జిగారు

తెలంగాణ రాష్ట్రం ఇంకా రాని రోజులవి. నేను ఉప్పల్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. నాచారంలో మేం అద్దెకున్న ఇంటి యజమాని రిటైరైన జిల్లా జడ్జి. ఒక ఏడాది ఆయన ఉన్నట్టుండి ఆఫ్రికాలో ఒక దేశానికి వెళ్లారు. అక్కడ ప్రభుత్వానికి నచ్చని తీర్పిచ్చినందుకు ఒక మహిళా జడ్జిని సస్పెండ్ చేసి విచారణ పెట్టారట. అది సక్రమంగా సాగుతుందో లేదో చూడడానికి వేరువేరు దేశాల జడ్జీలు కొందరు కలిసి వెళ్లారు. వాళ్లలో ఈయనొకరు.

ఆయన తిరిగొచ్చాక వాళ్లావిడ, మేమంతా పెద్దమ్మ అనేవాళ్లం, నా ముందే అడిగింది.

"గంత దూరం వోయి ఏం జేసిన్రు?"

"కూసున్న."

"వాదించిన్రా?"

"మేం మాట్లాడొద్దు. ఊకె కూసున్నం."

"గా కూసునుడేదో మన వరండల గూడ కూసుంటరు గద," అంది పెద్దమ్మ. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

మరుసటి ఏడు బతుకమ్మ పండుగప్పుడు ఆ జడ్జమ్మే ఏదో సదస్సుకని హైదరాబాద్ వచ్చి, వీళ్లింట్లో దిగింది. పెద్దమ్మకు ఇంగ్లీషు రాదు కనుక మధ్యలో నేను. ముగ్గురం నేల మీద కూర్చుని గునుగు పూలు కట్టలు కడుతుంటే ఆమె తన సంగతి చెప్పింది.

సస్పెండయ్యాక తోటి జడ్జీలు ఆమె ఎదురుపడితే తల తిప్పుకునేవారట. విచారణ రోజు లోపలికి వెళ్లేసరికి వెనక బెంచీ మీద ముక్కూమొహం తెలియనివాళ్లు నల్లకోట్లు వేసుకుని కూర్చున్నారు. అంతకుముందు వాయిదాలో ఆమె మీద అరిచిన విచారణాధికారి, ఆ బెంచీ వైపు చూసి ఆమెను 'మేడమ్' అన్నాడు. ఆమె వకీలును చివరిదాకా చెప్పనిచ్చాడు. కొన్నాళ్లకు ఉద్యోగం తిరిగి వచ్చింది.

"మీ ఆయన మాత్రం నిద్రపోయాడు," అందామె. "ఆ గురక విని ఎన్నో నెలల తర్వాత నవ్వాను."

నేను ఉన్నదున్నట్టు తెలుగు చేశాను. పెద్దమ్మ చేతిలో పూలకట్ట ఆగిపోయింది.

"నిద్ర గాదు. కండ్లు మూసుకొని ఇంటున్న," అని ముందుగదిలోంచి జవాబొచ్చింది.

ఆ సాయంత్రం కాలనీలో బతుకమ్మల పోటీ. తీర్పు చెప్పేది జడ్జిగారే కాబట్టి ఇంట్లోవాళ్లు పోటీకి రాకూడదన్నారు. "మీ న్యాయం నా బతుకమ్మ కాడికే వచ్చిందా," అని పెద్దమ్మ పొద్దుటి నుంచీ ఆయనతో మాట్లాడలేదు. అసలైన పూలే వాడాలన్నది నియమం. బస్తీ లీడరు వదినగారి బతుకమ్మ అందరికంటే ఎత్తుగా ఉంది గానీ, సగం ప్లాస్టిక్ పూలు. లీడరు వచ్చి జడ్జిగారి చెవిలో, "సార్, జర మనోళ్లను సూడుండ్రి," అన్నాడు.

ఆయన ఆ ప్లాస్టిక్ పూల వైపు చూశారు. దూరం నుంచి చూస్తున్న అతిథి తన కుర్చీ తెచ్చుకుని ఆయన పక్కన వేసుకుని కూర్చుంది. లీడరు నా వైపు తిరిగాడు.

"ఈ మేడం ఎవరక్కా?"

"జడ్జి."

"తెలుగొస్తదా?"

"రాదు."

"మరి ఏం సూస్తది?"

"మిమ్మల్నే చూస్తున్నట్టుంది," అన్నాను.

అతను అటు చూశాడు. ఆమె చిరునవ్వుతో తలాడించింది. అతను జేబురుమాలు తీసి మెడ తుడుచుకుని, మైకు సరిగ్గా లేదంటూ అటు వెళ్లిపోయాడు.

మొదటి బహుమతి మౌలాలి రైల్వే క్వార్టర్స్ నుంచి మా కాలనీకి కొత్తగా వచ్చిన అత్తాకోడళ్లకు దక్కింది. ఏం గొడవవుతుందోనని నాకు భయమేసింది. కానీ లీడరు వదినే ప్రసాదం సత్తుపిండి పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. "ప్లాస్టిక్‌వి వద్దు మరిదీ అంటే ఇన్లే. మంచిగైంది," అని అతిథి చేతిలో పెద్ద ముద్ద పెట్టి, ఆటలోకి లాక్కుపోయింది. జడ్జమ్మ అందరికంటే ఒక చప్పట ఆలస్యంగా కొడుతూ, బతుకమ్మలను నీళ్లలో వదలడానికి కాప్రా చెరువుకు బయల్దేరేదాకా ఆడింది.

కొన్ని నెలలకు ఆమె ఫోన్ చేసింది. వాళ్ల పక్కదేశంలో ఒక జడ్జిని ఇలాగే ఇబ్బంది పెడుతున్నారట, ఈసారి తనూ వెళుతోందట. జడ్జిగారు చాలాసేపు ఇంగ్లీషులో జాగ్రత్తలు చెప్పారు. పెద్దమ్మ నన్ను పిలిచి ఫోన్ నా చేతికిప్పించింది.

"కడుపు నిండ తిని పొమ్మని జెప్పు బిడ్డా. గాడ బువ్వ ఎవలు పెడతరో ఏమో."