నల్లగుడ్డు చుట్టూ ఎరుపు

పన్నెండు రోజుల కింద, పొద్దున డ్యూటీ ఎక్కబోతుంటే ఫోన్ వచ్చింది. మా పాత ఇంటి ఓనరమ్మ కూతురు. "అమ్మ నిద్రలోనే పోయిందండీ" అంది. నేను సిటీ బస్సు డ్రైవర్ని. ఇంకా స్టీరింగ్ పట్టుకుంటున్నానంటే అది ఆ ఓనరమ్మ వల్లే. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఆమెది గుంటూరు వైపు, మాది నల్లగొండ పల్లె. చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద ఆమె ఇంట్లో, కింది రెండు గదుల్లో తొమ్మిదేండ్లు కిరాయికి ఉన్నాం. ఆమెకు ఎడమ కన్ను కనిపించదు. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కూరగాయల బండి దగ్గర తల మొత్తం అటు తిప్పి చూసేది. పుచ్చు వంకాయ మాత్రం ఆమెను దాటిపోయేది కాదు.

నాకు ఏడాదికోసారి కుడి కన్ను ఎర్రబడేది, వెలుతురు పడేది కాదు. దిల్‌సుఖ్‌నగర్ కంటి డాక్టరు చుక్కల మందు ఇచ్చి, వారం వారం ఎట్ల తగ్గించాలో రాసిచ్చేవాడు. నాలుగు రోజులకు ఎరుపు పోగానే నేను మందు ఆపేవాణ్ణి. మిగిలిన సీసా గూట్లో దాచి, మళ్లీ వచ్చినప్పుడు అదే వేసుకునేవాణ్ణి. డిపోలో చాలామంది అట్లనే, ఒకరి సీసా ఒకరు వాడేవాళ్లు. ఆ సీసా చూసి ఒకసారి ఆమె, "ఎరుపు పోతే జబ్బు పోయినట్టు కాదయ్యా. పొయ్యి ఆర్పాక బూడిదలో వేలు పెట్టి చూడు" అంది. నవ్వి, సీసా మళ్లీ గూట్లో పెట్టాను.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మేమూ సమ్మెలో ఉన్నాం. ఎల్బీనగర్ టెంటులో కూర్చునేవాణ్ణి. ఒకనాడు టియర్ గ్యాస్ కొట్టారు, అందరి కండ్లూ ఎర్రబడ్డాయి. రెండు రోజులకు నా ఎడమ కన్ను తేరుకుంది, కుడిది తేరుకోలేదు. "గ్యాస్ అమ్మా, అదే పోతది" అన్నాను. లోపల కొంచెం గొప్పగా కూడా ఉండింది.

ఆమె నన్ను మెట్ల మీద వెలుతురులో నిలబెట్టి రెప్ప ఎత్తి చూసింది.

"గ్యాసుకి పక్షపాతం ఉంటుందా, ఒక కన్నే పట్టుకోడానికి? నల్లగుడ్డు చుట్టూ ఉంది ఎరుపు. బాగున్న కన్ను మూసుకుని ఎదురు షాపు బోర్డు చదువు."

చదవలేకపోయాను. అంతా పొగమంచు. బోర్డు చదవలేని డ్రైవర్‌కు బస్సు ఇవ్వరు. అప్పుడు ఆమె చెప్పింది, తన కన్ను పోయిందీ ఈ జబ్బుతోనే అని. "వచ్చినప్పుడల్లా సగంలో మందు మానేశాను. ఆఖరుసారి ఇంట్లో పెళ్లి. అయ్యాక చూపించుకుందామనుకున్నా. అప్పటికే అయిపోయింది. పద."

ఆ రోజు బంద్. ఆటోల్లేవు. ఎండకు కండ్లు సరిగ్గా తెరవలేని నన్ను ఆమె చెయ్యి పట్టుకుని నడిపించింది. ముందు రాస్తారోకో కనిపించింది. ఆమె యాస తలుచుకుని నాకు భయమైంది.

"అమ్మా, జర నోరు తెరువకు. నేను మాట్లాడుత."

"సరేలేవయ్యా" అంది.

కండువా వేసుకున్న ఒకాయన అడ్డం వచ్చాడు. "ఏడికి పెద్దమ్మా? బంద్ ఎరుకలేదా?"

నేను అందుకునే లోపే ఆమె అనేసింది. "తెలుసు బాబూ. మీ టెంటులో కూర్చునే మనిషే ఇతను, కన్ను పోతోంది. రేపు మీ తెలంగాణ వస్తే చూడ్డానికి కన్నుండాలా వద్దా?"

నేను ఆమె చెయ్యి పట్టి లాగాను. వెనక నుంచి ఒకడు, "గీ ఆంధ్ర పెద్దమ్మ గట్టిదేరా!" అన్నాడు. నవ్వులు లేచాయి. కండువా ఆయన నా వైపు తిరిగి, "పెద్దమనిషిని నడిపిస్తున్నవు, సిగ్గులేదానే?" అని తన స్కూటర్ మీద ఇద్దర్నీ ఎక్కించుకున్నాడు.

డాక్టరు కన్ను చూసి, ఇంకేమైనా బాధలున్నాయా అని అడిగాడు. ఎప్పటిలాగే "ఏం లేవు సార్" అన్నాను.

"అబద్ధం డాక్టరు గారూ" అంది ఆమె. "పొద్దున్నే గంటసేపు నడుం వంగదు ఇతనికి. గోడ పట్టుకుని లేస్తాడు, ఆ మూలుగు పైదాకా వినిపిస్తుంది. బీడీలు రోజుకో కట్ట."

నడుం సంగతి కంటి డాక్టరుకు ఎందుకని ఇన్నేండ్లూ చెప్పలేదు. అది డ్రైవర్ సీటు నొప్పి అనుకున్నాను. డాక్టరు కలం కింద పెట్టాడు. "సీటు నొప్పయితే పడుకుంటే తగ్గుతుంది. నీకు పడుకుని లేస్తేనే ఎక్కువ కదా?" అని ఎక్స్‌రే, రక్త పరీక్ష రాశాడు. నడుమునూ కంటినీ పట్టింది ఒకటే జబ్బని తర్వాత తేలింది. నడుముకు మందు పడ్డాకే కంటి వాపు మాటిమాటికీ రావడం తగ్గింది. బీడీ రెండింటికీ చెరుపే అన్నాడు. మానడానికి ఏడాది పట్టింది.

ఆ చుక్కలు వాడినన్ని వారాలూ ఆమె పైనుంచి "ఏవయ్యా, చుక్కలు!" అని అరిచేది. ఎదురు హాస్టల్ పిల్లలు కూడా నేర్చుకున్నారు. నేను గేటు దాటితే చాలు, "అన్నా, చుక్కలు!" అని అరిచేవాళ్లు. ఆ తర్వాత జబ్బు మళ్లీ రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ ఆ రోజే పోయి చూపించుకున్నాను. చూపు నిలిచింది.

హయత్‌నగర్‌కు మారినాక కూడా నా బస్సు ఆ ఇంటి ముందు నుంచే పోయేది. సాయంత్రం పూట ఆమె పై వరండాలో కూర్చుని చెయ్యి ఊపేది. ఒంటి కంటితో కూడా నా బస్సును పోల్చుకుంటున్నదని సంబరపడి, హారన్ కొట్టి పోయేవాణ్ణి.

నిన్న పెద్దకర్మకు ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఆమె కూతురు ఆ వరండా చూపించింది. "ఉన్న ఒక్క కన్ను కూడా ఏడాదిగా మసకేనండీ. మీ బస్సేదో తెలిసేది కాదు. అందుకని వచ్చిన ప్రతి బస్సుకీ ఊపేది."

ఆమె కూర్చునే చోట నిలబడి చూశాను. కింద మెట్రో స్తంభాల పక్క నుంచి బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి.