మూడో పేరు

దయ్యాలు, మహిమలు అంటే నాకు మొదటినుంచీ గిట్టదు. బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ఎవరేం చెప్పినా ఆధారం చూపించమనడం నా అలవాటు. మా ఇంటిదానికి అదంటే ఒళ్లు మంట. అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నాళ్లు జంకాను.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజుల్లో మా బాపు పోయాడు. మాది నర్మెట్ట దగ్గర చిన్న ఊరు. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు.

"మా తాతకు ఎవ్వలు నీళ్లు ఇడువలే బిడ్డా. కాళేశ్వరంల నువ్వు ఇడువు. పేరు చెప్పి ఇడువు."

చిక్కంతా ఆ పేరుతోనే. బాపు తాత మహదేవపూర్ అడవిలో కట్టె కొట్టే పనికి వెళ్లి తిరిగి రాలేదట. ఆయన భార్య కోపంతో ఆ పేరే ఇంట్లో ఎత్తనివ్వలేదు. ఆయన కొడుకు, అంటే మా తాత, బాపు చిన్నప్పుడే పోయాడు. కాబట్టి బాపుకు కూడా ఆ పేరు తెలియదు. పాత భూమి రికార్డులు, పహాణీలు చూద్దామంటే సమ్మె వల్ల తహసీల్ ఆఫీసుకు తాళం. నేనూ సమ్మెలోనే ఉన్నాను కనుక ఎవరినీ అనడానికి లేదు.

బస్సులు లేవు. పదో రోజు కర్మకు జీపు మాట్లాడుకుని నేనూ తమ్ముడూ తెల్లారేసరికి బయలుదేరాం. భూపాలపల్లి దగ్గర రాస్తారోకో. ఒకతను లోపలికి తొంగి చూసి, నా ఒళ్లోని అస్థికల కుండ చూశాడు. "కాళేశ్వరమా అన్నా? పోండ్రి" అని దారి ఇప్పించాడు.

గోదావరిలో ప్రాణహిత కలిసే చోటు కాళేశ్వరం. కంటికి కనిపించని సరస్వతి కూడా అక్కడే కలుస్తుందంటారు. గుళ్లో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ముందు యముడికి మొక్కాకే ముక్తీశ్వరుడికి మొక్కాలి. ముక్తీశ్వర లింగానికి ముక్కు రంధ్రాల్లాంటివి రెండున్నాయి. వాటిలో ఎన్ని నీళ్లు పోసినా నిండవని, భూమి లోపలినుంచి సంగమానికి చేరతాయని అంటారు. ఆ నీళ్ల దారి ఎవరైనా కొలిచారా అని పిల్లల ముందు ఎన్నోసార్లు వాదించినవాణ్ణి నేను.

ఘాటు మీద ఒక ముసలి మంగలి నాకు గుండు చేశాడు. పది రోజుల అలసట, కళ్లు మూసుకున్నాను. పని అయ్యాక ఆయన, "ఓదెలు పేరు మర్సిపోకు సారూ" అన్నాడు. నన్ను చూసి ఇంకెవరో అనుకున్నాడనుకుని లేచాను.

నీళ్లు వదిలేటప్పుడు అయ్యగారు మూడు తరాల పేర్లు అడిగారు. బాపు పేరు చెప్పాను, తాత పేరు చెప్పాను. మూడోది తెలియదన్నాను. తెలియకపోతే దేవుడి పేరు చెప్పమన్నారు. నేను మాత్రం చెవిలో మిగిలిన ఆ మాటే చెప్పేశాను. ఓదెలు.

తిరుగు దారంతా సిగ్గుతో చచ్చాను. బాపు అడిగింది ఒక్కటే, అందులో ఎవరిదో పేరు అరువు తెచ్చి పెట్టాను. మా వైపు అందరూ కొమురయ్యలు, మల్లయ్యలు. ఓదెలు అన్నవాడు మా ఊళ్లో ఒక్కడూ లేడు.

సమ్మె ముగిశాక పాత పహాణీ నకలు తీయించాను. అది ఉర్దూలో ఉంది. జనగామలో ఉర్దూ వచ్చిన ఒక రిటైర్డ్ గుమాస్తా చదివి పెట్టాడు. మా తాత పేరు, సర్వే నంబరు, ఆ తర్వాత ఆయన తండ్రి పేరు.

"ఓదెలు" అని చదివాడాయన.

కాగితం ఇంకోసారి చదవమన్నాను. చదివాడు.

ఆ ఆదివారమే కాళేశ్వరం వెళ్లాను. మంగలి ఘాటు మీదే ఉన్నాడు, నన్ను గుర్తుపట్టాడు కూడా. మా ముత్తాత పేరు నీకెట్లా తెలుసని అడిగాను.

"నాకేం ఎరుక సారూ? నువ్వే కండ్లు మూసుకొని ఓదెలు, ఓదెలు అనుకుంట కూసున్నవ్. యాదికి తెచ్చుకుంటున్నవనుకొని, మర్సిపోకు అన్న."

తమ్ముణ్ణి అడిగాను. వాడు అప్పుడు జీపు దగ్గర ఉన్నాడు, ఏమీ వినలేదు. ఎప్పుడో పసితనంలో ఎవరైనా అంటే విన్నానేమో అనుకుందామంటే, ఆ పేరు తెలిసినవాళ్లంతా నేను పుట్టకముందే పోయారు. ఎంత ఆలోచించినా నాకు ఆధారం దొరకలేదు.

బాపు ఉంటే ఇదంతా వినేవాడు కాదు. పేరు చెప్పి ఇడిచినవా అని మాత్రం అడిగేవాడు. చెప్పే వదిలాను బాపూ.